పన్నుకు అందని టీ గ్లాసు: మలేషియా ఆరోగ్య చిత్రం చెబుతున్నదేమిటి?

కౌలాలంపూర్‌లో రాత్రి పదకొండు దాటినా మామక్ హోటళ్ల ముందు వేసిన ప్లాస్టిక్ కుర్చీలు ఖాళీగా ఉండవు. షిఫ్టు ముగించుకొన్న సెక్యూరిటీ గార్డులు, పరీక్షలకు చదువుకొనే విద్యార్థులు, ఫుట్‌బాల్ మ్యాచ్ చూడడానికి వచ్చిన స్నేహితులు, ఆలస్యంగా ఇల్లు చేరుతున్న ఉద్యోగులు ఒకే కప్పు కింద కూర్చుంటారు. తమిళ ముస్లింలు నడిపే ఈ హోటళ్లకు ఆ పేరు ‘మామా’ అన్న పిలుపు నుంచే వచ్చింది. మలయ్, చైనీస్, భారతీయ సంతతి ప్రజలు కలిసి కూర్చొని తినే చోటుగా వీటికి ఆ దేశ జీవితంలో ప్రత్యేక స్థానం ఉంది.

ఇప్పుడు దేశ ఆరోగ్యంపై సాగుతున్న చర్చ కూడా ఈ బల్లల దగ్గరకే వచ్చి చేరింది. ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంచే హోటళ్లను కట్టడి చేయాలని పినాంగ్ వినియోగదారుల సంఘం 2024లో ప్రభుత్వాన్ని కోరింది. అర్ధరాత్రి భోజనం ఊబకాయానికి, మధుమేహానికి దారితీస్తోందన్నది దాని వాదన. రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారు ఎక్కడ తినాలని హోటల్ యజమానులు ఎదురు ప్రశ్నించారు. నిషేధమేదీ రాలేదు. అయితే ఆ వాదోపవాదాల వెనుక ఒక పెద్ద ప్రశ్న మిగిలిపోయింది. మలేషియన్ల అనారోగ్యానికి మూలం వ్యక్తుల అలవాట్లలో ఉందా, లేక ఆ అలవాట్లను తయారుచేస్తున్న నిత్యజీవితపు ఏర్పాటులో ఉందా?

అంకెల్లో ఆశ, ఆందోళన

మలేషియా ఆరోగ్య మంత్రిత్వ శాఖ నిర్వహించే జాతీయ ఆరోగ్య, వ్యాధిగ్రస్తత సర్వే ఈ ప్రశ్నకు తొలి ఆధారం. వయోజనుల్లో మధుమేహం ఉన్నవారు 2011లో 11.2 శాతం. 2015లో అది 13.4 శాతానికి, 2019లో 18.3 శాతానికి పెరిగింది. 2023 సర్వేలో 15.6 శాతంగా నమోదైంది. తగ్గుదల ఊరటనిచ్చేదే అయినా, ఒక్క సర్వే ఫలితాన్ని బట్టి వ్యాధి వెనక్కి తగ్గిందని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. మధుమేహానికి ముందు మెట్టు అనదగిన అధిక బరువు, ఊబకాయం అదే కాలంలో తగ్గలేదు. ఆ రెండూ కలిపి 2011లో 44.5 శాతం ఉండగా, 2019లో 50.1 శాతానికి, 2023లో 54.4 శాతానికి చేరాయి. అంటే వయోజనుల్లో సగానికి పైగా ఉండవలసినదానికన్నా ఎక్కువ బరువుతో ఉన్నారు.

2023 సర్వే ప్రకారం వయోజనుల్లో 29.2 శాతం మందికి రక్తపోటు, 33.3 శాతం మందికి అధిక కొలెస్ట్రాల్ ఉన్నాయి. మధుమేహం, రక్తపోటు, కొలెస్ట్రాల్, ఊబకాయం నాలుగూ ఒకే మనిషిలో ఉన్న సందర్భాలు ఐదు లక్షలకు పైమాటే. మూడున్నర కోట్లకు దగ్గరగా జనాభా ఉన్న దేశంలో ఇది చిన్న సంఖ్య కాదు.

వీటన్నిటికంటే కలవరపెట్టే అంశం మరొకటి ఉంది. మధుమేహం ఉన్న ప్రతి ఐదుగురిలో ఇద్దరికి ఆ సంగతి తెలియదు. 18 నుంచి 29 ఏళ్ల మధ్య వయసు వారిలోనైతే తెలియనివారి వాటా 84 శాతం. వ్యాధి యౌవనంలోనే మొదలై, బయటపడేసరికి కళ్లకో, మూత్రపిండాలకో, గుండెకో నష్టం జరిగిపోయే ప్రమాదం ఈ అంకెలో దాగి ఉంది.

అడగకపోతే వచ్చేది తీపే

మలేషియా భోజనాన్ని తప్పుపట్టడం తేలిక. కొబ్బరిపాలలో ఉడికించిన అన్నానికి కారంగా ఉండే సంబల్, వేయించిన చిరుచేపలు, వేరుశెనగలు, గుడ్డు చేర్చి వడ్డించే నాసి లెమాక్ అక్కడ ఉదయపు ఆహారం. మైదా పిండిని కొవ్వుతో సాగదీసి కాల్చే రోటీ చనాయ్, పప్పు పులుసుతో కలిపి ఏ వేళకైనా సిద్ధం. వీటి పక్కన తే తారిక్ ఉండనే ఉంటుంది. డికాషన్‌లో తియ్యటి కండెన్స్‌డ్ పాలు పోసి, నురుగు వచ్చేదాకా ఒక గ్లాసు నుంచి మరో గ్లాసులోకి ఎత్తుగా వంచి పోసే టీ అది.

ఇదే వంటల సంప్రదాయంలో ఉలమ్ అనే పచ్చి ఆకుల వడ్డన కూడా ఉంది. ఆవిరిపై ఉడికించిన చేపలు, పులుపు కూరలు, కూరగాయల పులుసులు ఉన్నాయి. కాబట్టి సమస్య వంటకంలో కన్నా, అది రోజులో ఎన్నిసార్లు, ఏ వేళలో, దేనికి బదులుగా పళ్లెంలోకి వస్తోందన్న దానిలో ఉంది. 2019 సర్వేలో వయోజనుల్లో దాదాపు 95 శాతం మంది సిఫారసు చేసిన మేర పండ్లు, కూరగాయలు తినడం లేదని తేలింది. ఇంత పెద్ద సంఖ్యను కేవలం నాలుక చాపల్యంతో వివరించడం సాధ్యం కాదు.

హోటల్‌లో టీ అడిగే తీరులోనే అసలు చిక్కు కనిపిస్తుంది. ‘తే’ అని మాత్రమే అంటే పాలు, తీపి కలిపినదే వస్తుంది. పాలు వద్దంటే ‘తే ఓ’ అనాలి. అప్పుడు కూడా చక్కెర ఉంటుంది. తీపి తగ్గించాలంటే ‘కురాంగ్ మానిస్’ అని చేర్చాలి. అసలే వద్దంటే ‘కోసోంగ్’ అని ప్రత్యేకంగా చెప్పాలి. మలయ్ భాషలో ఆ మాటకు ఖాళీ అని అర్థం. అంటే తీపి సహజ స్థితి, తీపి లేకపోవడం వినియోగదారుడు నోరు తెరిచి కోరుకోవలసిన మినహాయింపు. రోజుకు మూడు గ్లాసులు తాగేవాడు మూడుసార్లు ఆ మినహాయింపును గుర్తుపెట్టుకొని అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం అదనపు చక్కెర రోజుకు 25 గ్రాములలోపు, అంటే సుమారు ఆరు చెంచాలలోపు ఉంటే మేలు. అడగడం మరచిపోయిన రోజున ఆ పరిమితి దాటడానికి ఎంతో సమయం పట్టదు.

మలేషియా జీవితంలో ఈ ‘అడగకపోతే వచ్చేది’ అన్న సూత్రం టీకి మాత్రమే పరిమితం కాలేదు. ప్రయాణం, భోజనం, వైద్య పరీక్ష అన్నిటిలోనూ అదే కనిపిస్తుంది.

కారు, కాలం, కాలినడక

2020 జనగణన నాటికి మలేషియన్లలో 75 శాతం మంది పట్టణవాసులు. రబ్బరు, తగరం ఎగుమతులపై బతికిన దేశం రెండు తరాల్లో కర్మాగారాలు, కార్యాలయాలు, ఎత్తైన భవనాల దేశంగా మారింది. నగరాలు అడ్డంగా విస్తరించాయి. ఇల్లు ఒక శివారులో, ఉద్యోగం మరో శివారులో ఉండడం క్లాంగ్ లోయ ప్రాంతంలో సాధారణ విషయం. 2023 చివరికి దేశంలో నమోదైన వాహనాల సంఖ్య 3.63 కోట్లకు చేరి జనాభాను మించిపోయింది. రోడ్డుపై తిరగనివి కూడా ఆ లెక్కలో ఉన్నా, వాహనం లేనిదే రోజు గడవదన్న వాస్తవం మారదు.

ప్రభుత్వం పెట్రోల్‌కు భారీగా రాయితీ ఇస్తూ రాన్ 95 రకాన్ని ఏళ్ల తరబడి లీటరు 2.05 రింగిట్లకే అమ్మింది. చౌక ఇంధనం, స్థానికంగా తయారయ్యే కార్లు, విశాలమైన ఎక్స్‌ప్రెస్ రహదారులు కలిసి కాలినడకను అనవసరమైన పనిగా మార్చాయి. ఉక్కపోత, హఠాత్తుగా కురిసే వానలు, మధ్యలోనే ఆగిపోయే కాలిబాటలు దానికి తోడయ్యాయి. 2023 సర్వే ప్రకారం వయోజనుల్లో ప్రతి పదిమందిలో ముగ్గురికి తగినంత శారీరక శ్రమ లేదు.

మార్పు రావడం లేదని కాదు. పుత్రజయ ఎంఆర్‌టీ మార్గం 2023 మార్చిలో పూర్తిగా అందుబాటులోకి వచ్చింది. నెలకు 50 రింగిట్ల పాసుతో క్లాంగ్ లోయలో రైళ్లు, బస్సుల్లో ఎన్నిసార్లయినా ప్రయాణించవచ్చు. 2023 జనవరి 1 నుంచి వారపు పని గంటల పరిమితిని 48 నుంచి 45కు తగ్గించారు. స్టేషన్ దాకా నడిచి వెళ్లే పది నిమిషాలు, సాయంత్రం మిగిలే అరగంట ఆరోగ్య శాఖ లెక్కల్లోకి రాకపోయినా వాటి ప్రభావం ఆరోగ్యంపైనే ఉంటుంది. రవాణా, కార్మిక శాఖల నిర్ణయాలు కూడా వైద్య విధానంలో భాగమేనని గుర్తించవలసిన అవసరం ఇక్కడే కనిపిస్తుంది.

సమయం చాలని కుటుంబానికి వండుకోవడం భారమవుతుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తూ, రెండు వైపులా గంటల కొద్దీ ప్రయాణించే ఇంట్లో రాత్రి భోజనం హోటల్ నుంచో, ఫోన్‌లోని యాప్ నుంచో రావడం అలసత్వం కాదు, లెక్క కుదరకపోవడం. పేద కుటుంబాల్లో ఈ లెక్క మరింత కఠినం. కౌలాలంపూర్‌లోని చౌక ఫ్లాట్లలో నివసించే పిల్లలపై యూనిసెఫ్ 2018లో వెలువరించిన అధ్యయనంలో, ఐదేళ్లలోపు వారిలో 22 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదని తేలింది. అవే ఫ్లాట్లలో 23 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. కడుపు నింపే చౌక ఆహారం పిల్లలను ఒకవైపు కుంగదీస్తూ, మరోవైపు ఉబ్బిస్తోందని ఈ రెండు అంకెలూ పక్కపక్కన నిలబడి చెబుతున్నాయి.

తోట పోయింది, పళ్లెం మిగిలింది

ఈ కథలో భారతీయ సంతతికి సంబంధించిన అధ్యాయం మరింత బరువైనది. 2019 సర్వేలో మధుమేహం మలేషియా భారతీయుల్లో 31.4 శాతంగా నమోదైంది. మలయ్‌లలో అది 22 శాతం, చైనీయుల్లో 15.1 శాతం. సర్వేలో తెలుగువారికి విడి పద్దు లేదు, భారతీయుల లెక్కలోనే వారూ కలుస్తారు. తక్కువ శరీర బరువులోనే మధుమేహం పలకరించే లక్షణం దక్షిణాసియా సంతతిలో ఎక్కువని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. అయితే జన్యువులు సగం కథనే చెబుతాయి. మిగతా సగం తోటల చరిత్రలో ఉంది.

శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి బ్రిటిష్ కాలంలో మలయాకు వలస వెళ్లిన తెలుగువారు రబ్బరు, కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల్లో కూలీలుగా స్థిరపడ్డారు. దిగువ పెరాక్‌లోని బగాన్ దాతో పరిసరాలు వారికి ముఖ్య స్థావరం. మలయా ఆంధ్ర సంఘంగా 1955లో మొదలైన సంస్థే నేటి మలేషియా తెలుగు సంఘం. తోట కూలీ తెల్లవారకముందే లేచి చెట్టు నుంచి చెట్టుకు నడుస్తూ రబ్బరు పాలు గీసేవాడు. ఆ శ్రమకు అన్నం, తియ్యటి టీ ఇంధనంగా సరిపోయేవి.

తరువాతి దశాబ్దాల్లో తోటలు చేతులు మారాయి, పలుచోట్ల ఇళ్ల స్థలాలుగా, పారిశ్రామిక వాడలుగా రూపాంతరం చెందాయి. తోటతోపాటు క్వార్టరు, గుడి, బడి, ఇంటి వెనుక కూరగాయల మడి పోగొట్టుకొన్న కుటుంబాలు పట్టణాల్లోని చౌక ఫ్లాట్లకు చేరాయి. లారీ డ్రైవర్లుగా, కాపలాదారులుగా, కర్మాగారాల్లో షిఫ్టు కార్మికులుగా మారాయి. నడక పోయింది, పెరడు పోయింది, పళ్లెంలోని అన్నం పరిమాణం, గ్లాసులోని తీపి మాత్రం మారలేదు. ఈ పరిణామాన్ని ‘భారతీయుల తిండి అలవాటు’ అని రెండు మాటల్లో తేల్చేయడం ఆ కుటుంబాలకు న్యాయం చేయదు.

పన్ను ఎక్కడిదాకా వెళ్లగలిగింది?

మలేషియా ప్రభుత్వం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. చక్కెరపై రాయితీని 2013 అక్టోబరులో ఎత్తివేసింది. 2019 జూలై 1 నుంచి తీపి పానీయాలపై లీటరుకు 40 సెన్‌ల ఎక్సైజ్ సుంకం విధించింది. వంద మిల్లీలీటర్లలో 5 గ్రాములకు మించి చక్కెర ఉన్న పానీయాలకు, 12 గ్రాములకు మించి ఉన్న పండ్ల, కూరగాయల రసాలకు ఇది వర్తిస్తుంది. 2024లో సుంకం 50 సెన్‌లకు పెరిగింది. దానిపై మరో 40 సెన్‌లను దశలవారీగా చేర్చే ప్రక్రియ 2025 జనవరిలో మొదలైంది. వేడినీళ్లలో కలుపుకొనే తీపి పానీయాల పొడులనూ సుంకం పరిధిలోకి తెచ్చారు.

ఈ విధానంలోని తెలివి పన్ను రేటులో కన్నా, ఆ 5 గ్రాముల గీతలో ఉంది. గీత దాటితేనే సుంకం కాబట్టి పలు కంపెనీలు తమ పానీయాల్లో చక్కెర తగ్గించి గీత కిందికి దిగాయి. అంగడిలో సీసా కొనేవాడు ఏమీ అడగనక్కరలేకుండానే, పెద్దగా గమనించకుండానే, తక్కువ చక్కెర తాగుతున్నాడు. నినాదాలు చేయలేని పనిని ఒక నిబంధన చేయగలిగింది.

కాని ఆ నిబంధన హోటల్ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. సుంకం కర్మాగారంలో తయారై సీసాలో, డబ్బాలో, ప్యాకెట్‌లో వచ్చే పానీయానికే. మామక్ హోటల్‌లో అప్పటికప్పుడు కలిపే తే తారిక్‌కు, రంజాన్ మాసపు సాయంత్రపు సంతల్లో సంచుల్లో పోసి అమ్మే రంగురంగుల షర్బత్‌లకు అది అంటదు. మరోవైపు చక్కెర నేటికీ ధరల నియంత్రణ కింద ఉన్న సరుకు. తీపి పానీయంపై సుంకం పెంచుతూనే, చక్కెర ధర పెరగకుండా పరిమితి విధించడం విధానపరమైన వైరుధ్యం. పేదల వంటింటి ఖర్చును దృష్టిలో పెట్టుకొంటే దానికీ కారణం ఉంది. అయినా రెండు లక్ష్యాలూ ఒకదానినొకటి వెనక్కి లాగుతున్న సంగతి నిజం.

పొగాకు విషయంలోనూ ఇదే రకమైన తడబాటు కనిపించింది. 2019 జనవరి 1 నుంచి హోటళ్లలో ధూమపానాన్ని నిషేధించగా, సిగరెట్ పొగ మధ్య భోజనం చేయడం గతంలోకి జారుకొంది. ఫలానా సంవత్సరం తరువాత పుట్టినవారికి సిగరెట్లు ఎన్నటికీ అమ్మరాదన్న ప్రతిపాదన మాత్రం రాజ్యాంగ సమానత్వ సూత్రానికి విరుద్ధమన్న అభ్యంతరంతో బిల్లు నుంచి తొలగిపోయింది. మిగిలిన నిబంధనలతో కొత్త చట్టం 2024 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది.

ఒక్క రింగిట్ వైద్యం, మోయలేని ఖర్చు

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఒక్క రింగిట్ చెల్లించి వైద్యుడిని సంప్రదించగలగడం మలేషియన్లు గర్వించే ఏర్పాటు. రోగం వచ్చాక ఆదుకొనే ఈ వ్యవస్థ, రోగం రాకముందు మనిషిని చేరుకోవడంలో వెనుకబడింది. దేశంలో డయాలిసిస్‌పై ఆధారపడినవారు 50,000 మందిని దాటారు. కొత్తగా డయాలిసిస్‌కు వచ్చేవారిలో సగానికి పైగా మధుమేహ బాధితులే. ఇదే తీరు కొనసాగితే 2040 నాటికి ఆ సంఖ్య లక్ష దాటవచ్చని అంచనా. మధుమేహం, గుండె జబ్బులు, క్యాన్సర్ చికిత్సలకు ఏటా 965 కోట్ల రింగిట్లు ఖర్చవుతున్నట్లు ఆరోగ్య శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన నివేదిక లెక్కగట్టింది. అందులో మధుమేహం వాటానే 438 కోట్లు.

తక్కువ ఆదాయ వర్గాలకు ఉచిత పరీక్షలు చేసే ‘పెకా బీ40’ పథకం 2019లో ప్రారంభమైంది. 40 ఏళ్లు, ఆపై వయసువారు దానికి అర్హులు. కాని మధుమేహం ఉన్నా ఆ సంగతి తెలియనివారి వాటా అత్యధికంగా ఉన్నది ముప్ఫై ఏళ్లలోపు వారిలో. వ్యాధి ముందుకు జరిగినంత వేగంగా పథకం వయోపరిమితి జరగలేదు. వ్యాధులకు చికిత్స నుంచి ఆరోగ్య పరిరక్షణ వైపు దృష్టి మళ్లించాలని 2023 జూన్‌లో పార్లమెంటు ఆమోదించిన ఆరోగ్య శ్వేతపత్రం పేర్కొంది. ఆ మాట నిజమవుతోందా లేదా అన్నదానికి తొలి కొలమానం ఆసుపత్రుల సంఖ్య కాదు, పాతికేళ్ల యువకుడికి రక్తపరీక్ష ఎంత సులువుగా అందుతోందన్నది.

భారత్‌కు దగ్గరి అద్దం

ఈ చిత్రం భారత్‌కు దూరపుదేమీ కాదు. భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనం దేశంలో 11.4 శాతం మందికి, అంటే పది కోట్లకు పైగా ప్రజలకు మధుమేహం ఉందని తేల్చింది. మలేషియా 2011లో నిలిచిన చోట భారత్ ఇప్పుడు నిలిచి ఉంది. తెలుగు రాష్ట్రాల్లోనూ పొలం పని నుంచి ఆటో సీటుకు, కార్యాలయపు కుర్చీకి మారిన కుటుంబాలు తాతల నాటి అన్నం కొలతనే పాటిస్తున్నాయి. హైదరాబాద్, విజయవాడ టీ కొట్లలోనూ తీపి లేని టీ ప్రత్యేకంగా అడిగితేనే వస్తుంది.

పన్ను విషయంలో మాత్రం తేడా ఉంది. భారత్‌లో గ్యాస్ కలిపిన తీపి పానీయాలపై జీఎస్టీ 40 శాతం. రేటు మలేషియాకన్నా ఎంతో కఠినంగా కనిపిస్తుంది. కాని అది చక్కెర పరిమాణంతో ముడిపడలేదు. చక్కెర నిండిన పానీయానికీ, చక్కెర లేని డైట్ రకానికీ ఒకటే రేటు. చక్కెర తగ్గించిన కంపెనీకి దక్కే లాభమేమీ లేనప్పుడు తగ్గించవలసిన అవసరమూ కలగదు. ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో విద్యార్థులకు తెలిపే ‘షుగర్ బోర్డు’లను పాఠశాలల్లో ఏర్పాటు చేయాలని సీబీఎస్‌ఈ 2025లో ఆదేశించింది. మంచి అడుగే. సమాచారంతోపాటు గీత కూడా గీస్తే ఏం జరుగుతుందో మలేషియా చూపింది. ఆ గీత చేరని చోట ఏం మిగిలిపోతుందో కూడా చూపింది.

మామక్ హోటళ్ల తలుపులు రాత్రి పూట మూయించడం కన్నా చిన్నదీ, బహుశా ఎక్కువ ఫలితమిచ్చేదీ అయిన మార్గం ఒకటి మలేషియా ముందు ఉంది. టీ తక్కువ తీపితోనే బల్ల మీదికి రావాలి. ఎక్కువ కావలసినవారు అడిగి వేయించుకోవాలి. గ్లాసు అదే, హోటల్ అదే, స్నేహితుల కబుర్లూ అవే. అడగవలసినవారు మాత్రం మారతారు. దానికి ఖజానా నుంచి ఖర్చు లేదు. హోటళ్లకు లైసెన్సులిచ్చే స్థానిక సంస్థలు, యజమానుల సంఘాలు ఒక అంగీకారానికి వస్తే చాలు. 54 శాతానికి చేరిన అధిక బరువు, ఊబకాయాల ఉమ్మడి అంకె తదుపరి సర్వేలో ఎటు కదులుతుందన్నది, ప్రభుత్వం ప్రజలకు ఇంకెన్ని హితవులు చెబుతుందన్న దానికన్నా ఇటువంటి ఏర్పాట్లపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.